బాగా వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా?

1973 నవంబరు 20 రాత్రి. శాన్‌ఫ్రాన్సిస్కోను ఆనుకుని ఉన్న డేలీ సిటీలో, కౌ ప్యాలెస్ అనే పెద్ద ప్రదర్శనశాలలో బ్రిటిష్ రాక్ బృందం 'ద హూ' కచేరీ చేస్తోంది. ఆ ఏటి అమెరికా యాత్రలో వాళ్ళకిది మొదటి రాత్రి. పాట మధ్యలో డ్రమ్మర్ కీత్ మూన్ మత్తుమందు ప్రభావంతో డ్రమ్ముల మీదికి ఒరిగిపోయాడు. లోపలికి మోసుకెళ్ళి, తేరుకున్నాక మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టారు. కాసేపటికి మళ్ళీ పడిపోయాడు. ఈసారి లేవలేదు. గిటారిస్టు పీట్ టౌన్షెండ్ మైకు ముందుకొచ్చి జనాన్నే అడిగాడు: మీలో డ్రమ్స్ వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా, బాగా వచ్చినవాళ్ళు?

వేదిక దగ్గర స్కాట్ హాల్పిన్ అనే 19 ఏళ్ళ కుర్రాడు నిలబడి ఉన్నాడు. అయోవా రాష్ట్రంలోని మస్కటీన్ ఊరివాడు, కాలిఫోర్నియా చేరాడు. డ్రమ్స్ వచ్చుగానీ ఏడాదిగా వాటిని ముట్టలేదు. పక్కనున్న స్నేహితుడు మాత్రం మావాడికి వచ్చు అని కాపలావాళ్ళతో గొడవకు దిగాడు. కచేరీ నిర్వాహకుడు బిల్ గ్రాహమ్ వచ్చి, ఒకటి రెండు మాటలు అడిగి, కుర్రాణ్ణి వేదిక ఎక్కించేశాడు. హాల్పిన్ మూడు పాటలు వాయించాడు. కచేరీ ముగిశాక మిగతా ముగ్గురితో కలిసి నిలబడి జనానికి వంగి నమస్కరించాడు.

యాభై ఏళ్ళుగా ఈ సంగతిని అదృష్టం కథగా చెప్పుకుంటున్నారు. అదృష్టం ఆ కుర్రాణ్ణి వేదిక దాకా తెచ్చిందనుకుందాం. ఆ తర్వాత, ముందెన్నడూ ఈ కూర్పులో కలిసి వాయించని నలుగురు మనుషులు వేలమంది ముందు ఒకే క్షణంలో ఒకే దెబ్బ కొట్టాలి. ఆ క్షణం కొలత మిల్లీసెకన్లలో ఉంటుంది. దాన్ని అదృష్టానికి వదిలేయలేం. అక్కడ పనిచేసింది మెదడు. ఒక్క హాల్పిన్ మెదడే కాదు, నలుగురివీ.

రాక్ పాట నిమిషానికి 120 దెబ్బల నడకలో సాగుతోందనుకోండి. రెండు దెబ్బల మధ్య వ్యవధి అర సెకను, అంటే 500 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు చేస్తే ఒక్కో ముక్క 125 మిల్లీసెకన్లు. మనిషి ఒక చప్పుడు విని, దానికి జవాబుగా వేలు కదపడానికి పట్టే కాలం సుమారు 150 మిల్లీసెకన్లు. లెక్క చూడండి. గిటారు మోగాక విని డ్రమ్ము కొడదామని కూర్చున్నవాడు ప్రతిసారీ ఒక ముక్క పైగా వెనకబడతాడు. మనం చెవులు మూసుకుని పారిపోయేటంత వెనకబాటు అది. కాబట్టి వినడం, ఆ పైన కొట్టడం అనే వరస సంగీతంలో కుదరదు. దెబ్బ ఎప్పుడు పడబోతోందో ముందే ఊహించి, చేతిని అంతకు ముందే బయల్దేరదీయాలి.

ఈ ఊహ ఎంత సహజమో తెలుసుకోవడానికి ఒక పాత ప్రయోగం ఉంది. గడియారంలా టిక్కు టిక్కుమనే చప్పుడుకు అనుగుణంగా వేలితో బల్ల మీద తట్టమంటారు. చాలామంది వేలు టిక్కు కంటే కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే బల్లను తాకుతుంది. తట్టేవాడికి మాత్రం రెండూ ఒక్కసారే పడుతున్నట్టు అనిపిస్తుంది. సంగీతం నేర్చినవాళ్ళలో ఈ తొందర తక్కువ. అంటే మన శరీరం శబ్దం కోసం ఎదురుచూస్తూ కూర్చోదు, దానికి ఎదురెళ్తుంది.

ఎదురెళ్ళే పనిని నడిపేది మెదడులో కదలికల విభాగం. కాలూ చెయ్యీ కదపకుండా పడుకుని లయ వింటున్నవాళ్ళ మెదడును స్కానింగ్ యంత్రంలో చూస్తే, చెవికి సంబంధించిన ప్రాంతాలతో పాటు శరీరాన్ని కదిలించే ప్రాంతాలూ చురుగ్గా కనిపిస్తాయి. బేసల్ గాంగ్లియా అనే లోపలి కణుపులు, చిన్నమెదడు, చలనానికి ముందస్తు పథకం వేసే పైపొర భాగాలు అందులో ఉన్నాయి. జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ 2007లో ఇదే చూపించారు: నికరమైన దెబ్బ వినిపించే లయలకు బేసల్ గాంగ్లియా మరింతగా స్పందించింది. అంటే ప్రేక్షకుల్లో నిలబడి తలాడిస్తున్నప్పుడే హాల్పిన్ మెదడులో సగం పని మొదలైపోయింది.

అయితే ఊహ ఎప్పుడూ అచ్చంగా సరిపోదు. మనుషులు గడియారాలు కారు. గిటారిస్టు ఒక చోట కాస్త ముందుకు తోస్తాడు, బేస్ వాయించేవాడు మరో చోట కాస్త వెనక్కి లాగుతాడు. ఆ తేడాలను ఎప్పటికప్పుడు సరిదిద్దుకోవాలి. లయ మీద దశాబ్దాలు పనిచేసిన బ్రూనో రెప్ లాంటి పరిశోధకులు ఈ దిద్దుబాటులో రెండు రకాలున్నాయని తేల్చారు. మొదటిది ఒక దెబ్బ కాస్త అటూ ఇటూ అయితే తర్వాతి దెబ్బను జరుపుకోవడం. ఇది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. తేడా మనం గుర్తుపట్టలేనంత చిన్నదైనా సరే, వేలు దాన్ని పసిగట్టి సర్దుకుంటుంది. రెండోది నడకే మారినప్పుడు లోపలి గడియారం వేగాన్నే మార్చుకోవడం. దీనికి మాత్రం ధ్యాస పెట్టాలి, మనసు పనిచేయాలి.

కొత్తగా వచ్చి కూర్చున్న వాద్యకారుడికి ఈ రెండింటి తేడా ప్రాణావసరం. నడక మారని పాటలో అతణ్ణి అతని శరీరమే మోసుకుపోతుంది. నడక మారే పాటలో ఎవరైనా చెప్పాలి.

సరిగ్గా ఇక్కడే అదే నెలలో అదే బృందానికి జరిగిన మరో సంఘటన చెప్పాలి. అప్పట్లో ద హూ తమ కొత్త సంగీత రూపకం 'క్వాడ్రఫీనియా'ను వేదిక మీదికి తెచ్చింది. రికార్డులో ఉన్న సింథసైజర్ ధ్వనులన్నీ నలుగురే వాయించలేరు కాబట్టి, వాటిని టేపు మీద ముందే ఎక్కించి, కచేరీలో టేపు నడుస్తుంటే దానికి తగ్గట్టు వాయించేవారు. కీత్ మూన్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని టేపును అంటిపెట్టుకుని కొట్టాలి. నవంబరు 5న ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో టేపు దారి తప్పింది, బృందం నడక ఒకటి, టేపు నడక మరొకటి అయింది. టౌన్షెండ్ ఆవేశం పట్టలేక శబ్ద సామగ్రి మీద పడి ధ్వంసం చేశాడు. కచేరీ మధ్యలో ఆగిపోయింది.

పదిహేను రోజుల తేడా. న్యూకాసిల్‌లో ఉన్నది ప్రతి స్వరమూ ముందే ఎక్కించిన టేపు. కౌ ప్యాలెస్‌లో ఉన్నది ఆ బృందంతో ఎన్నడూ వాయించని, ఏడాదిగా అభ్యాసం లేని కుర్రాడు. టేపుతో కచేరీ కూలింది, కుర్రాడితో నిలబడింది. టేపు తన నడకన తాను పోతుంది, దిద్దుకోదు. వెనకబడినవాడి కోసం అది ఆగదు. మనిషి ఆగుతాడు. ఇద్దరు మనుషులు వాయిస్తున్నప్పుడు తేడాలో సగం ఇతను సర్దుకుంటే సగం అతను సర్దుకుంటాడు. ఈ సంగతిని ఇంతకన్నా స్పష్టంగా చూపించే జంట సంఘటనలు సంగీత చరిత్రలో నాకు మరెక్కడా కనిపించలేదు.

ఈ సర్దుబాటును కొలిచినవాళ్ళూ ఉన్నారు. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆలన్ వింగ్ బృందం 2014లో రెండు తంత్రీవాద్య చతుష్టయాల మీద పరిశోధన ప్రకటించింది. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసి వాయించే బృందాలవి. ఎవరి స్వరం ఎవరి కంటే ఎంత ముందు వెనకలుగా పడింది, ఆ మరుసటి స్వరంలో ఎవరు ఎంత సర్దుకున్నారు అని లెక్క కట్టారు. ఒక బృందంలో మొదటి వయొలిన్ విద్వాంసురాలు తక్కువ సర్దుకుంది, మిగతా ముగ్గురూ ఆమె వెంట ఎక్కువ నడిచారు. రెండో బృందంలో అందరూ దాదాపు సమానంగా సర్దుకున్నారు. కళ్ళకు కనిపించని పెత్తనం మిల్లీసెకన్లలో దొరికిపోయిందన్నమాట. కొత్తవాడు వచ్చి చేరిన రాత్రి ఏ బృందమైనా తన అలవాటును మార్చుకోవాల్సిందే. ఎప్పుడూ డ్రమ్మర్ వెంట నడిచేవాళ్ళు ఆ పూట డ్రమ్మర్‌ను నడిపించాలి.

టౌన్షెండ్ చేసింది అదే. నేను దారి చూపిస్తాను, సైగ చేస్తాను అని తనతో ముందే చెప్పాడని హాల్పిన్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. అంతకన్నా తెలివైన పని పాటల ఎంపిక. మొదట ఎత్తుకున్నవి 'స్మోక్‌స్టాక్ లైట్నింగ్', 'స్పూన్‌ఫుల్'. రెండూ హౌలిన్ వుల్ఫ్ పాడిన పాత బ్లూస్ పాటలు. రెండూ దాదాపు ఒకే కార్డ్ చుట్టూ, అంటే ఒకేసారి మోగే ఒకే స్వరాల గుత్తి చుట్టూ తిరుగుతాయి. ఒక చిన్న పలుకు మళ్ళీ మళ్ళీ వస్తుంది, నడక మారదు. అంటే పైన చెప్పిన మొదటి రకం దిద్దుబాటు ఒక్కటే చాలు. ఆ కాలంలో డ్రమ్స్ నేర్చుకున్న ఏ అమెరికా కుర్రాడి చేతుల్లోనైనా బ్లూస్ ఉండి తీరుతుంది. మూడోదిగా తమ సొంత పాట 'నేకెడ్ ఐ' ఎత్తుకున్నారు. అందులో నడక మారుతుంది, నెమ్మదించి మళ్ళీ పుంజుకుంటుంది. ఆ పాటే తనను కష్టపెట్టిందని హాల్పిన్ చెప్పినమాట ఈ శాస్త్రం తెలిశాక ఆశ్చర్యం కలిగించదు.

మన కచేరీ సంప్రదాయం ఈ విద్యలో ఎప్పుడో ఆరితేరింది. కర్ణాటక సంగీతంలో రిహార్సల్ లేకుండా పాడటమే రివాజు. గాయకుడు, వయొలిన్ విద్వాంసుడు, మృదంగ విద్వాంసుడు వేదిక మీదే మొదటిసారి కలుసుకోవడం వింత కాదు. అనుకున్న మృదంగం రాలేకపోతే ఆ సాయంత్రమే మరొకరిని పిలుస్తారు, కచేరీ నడిచిపోతుంది. కారణం తాళం గాయకుడి చేతి మీద అందరికీ కనబడుతూ ఉండటం. ఆదితాళమైతే 8 అక్షరాలు, సమం ఎక్కడో దాచిపెట్టేదేమీ లేదు. మృదంగం ముక్తాయింపు ఎత్తుకుంటే ఒక పలుకు మూడుసార్లు వస్తుంది. మొదటిసారి విన్నాక రెండోసారి ఊహిస్తాం, మూడోసారికి ఎక్కడ దిగుతుందో గాయకుడికీ తెలుసు, ముందు వరసలో తొడ మీద తాళం వేస్తున్న పెద్దాయనకూ తెలుసు. రాక్ డ్రమ్మర్ చరణం మారే ముందు 'ఫిల్' అని ఒక చిన్న విరుపు వేస్తాడు. దాని పనీ అదే. ఇదిగో మలుపు వస్తోంది, కాళ్ళు సర్దుకోండి అని మిగతావాళ్ళకు కబురు పంపడం.

హాల్పిన్‌ది మూడు పాటల కథ. తొమ్మిదేళ్ళ ముందు జిమ్మీ నికల్‌కు పడిన బరువు అంతకన్నా ఎక్కువ. 1964 జూన్ 3న, బీటిల్స్ విదేశీ యాత్రకు బయల్దేరే ముందురోజు, డ్రమ్మర్ రింగో స్టార్ టాన్సిల్స్ వాచి ఆసుపత్రి పాలయ్యాడు. నిర్మాత జార్జ్ మార్టిన్ చెప్పగా నికల్‌కు ఫోను వెళ్ళింది. ఆ మధ్యాహ్నమే లండన్ ఆబీ రోడ్డులోని స్టూడియోలో ఆరు పాటలు సాధన చేయించారు. జుట్టు బీటిల్స్ తరహాలో కత్తిరించి, రింగో కోటూ ప్యాంటూ తొడిగారు. మర్నాడు కోపెన్‌హేగన్‌లో కచేరీ. తర్వాత నెదర్లాండ్స్, హాంకాంగ్, ఆస్ట్రేలియాలోని అడిలైడ్.

ఒక్క మధ్యాహ్నపు సాధనతో ఇదెలా సాధ్యం? అప్పటికే అతని తలలో ఆ పాటలు ఉన్నాయి. కొద్ది నెలల ముందే బీటిల్స్ పాటలను అనుకరిస్తూ వచ్చిన ఒక చవక రికార్డుకు అతను పేరు లేకుండా డ్రమ్ములు వాయించాడు.

ఇక్కడ జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో కాస్త చూడాలి. ఒక్కసారిలో మనిషి మనసులో పట్టి ఉంచగలిగే విడి సంగతులు ఏడుకు అటూ ఇటూగా ఉంటాయని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. ఆ తర్వాతి పరిశోధనలు ఆ సంఖ్యను ఇంకా తగ్గించాయి. రెండున్నర నిమిషాల పాటలో డ్రమ్ము దెబ్బలు వేయి దాటుతాయి. వాటిని విడివిడిగా ఎవరూ గుర్తుంచుకోలేరు. నేర్చినవాడు మూటలు కడతాడు. 1973లోనే విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగంలో ఈ సంగతి చూపించారు. ఆట మధ్యలోని బల్లను కొన్ని సెకన్లు చూపిస్తే దిట్టలు పావులను దాదాపు ఉన్నవున్నట్టు పేర్చగలరు. పావులను అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే వాళ్ళ ఆధిక్యం దాదాపు మాయమైంది. వాళ్ళు గుర్తుంచుకుంటున్నది పావులను కాదు, వాటి మధ్య సంబంధాలను. డ్రమ్మర్‌కూ అంతే. 'పల్లవి నడక', 'చరణం నడక', 'మధ్యలో విరుపు', 'ముగింపు': నాలుగు మూటలతో పాట అయిపోతుంది. కొత్తవాడు ఆ మధ్యాహ్నం నేర్చుకోవలసింది మూటల వరస, ఏ రెండు మూటల మధ్య ముడి ఎక్కడుందో అదీ. పియానో విద్వాంసురాలు గాబ్రియెలా ఇమ్రే ఒక బాఖ్ రచనను నేర్చుకున్న తీరును నెలల తరబడి గమనించిన మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ షాఫిన్, ఇలాంటి ముడుల మీదే ఆమె సాధన కేంద్రీకరించిందని రాశారు. దారి తప్పినా తర్వాతి మైలురాయి దగ్గర అందుకోవచ్చు కదా.

అమెరికాలోని నాష్‌విల్ స్టూడియో వాద్యకారులు మూటలను కాగితం మీద పెట్టే పద్ధతి ఒకటి కనిపెట్టారు. 1950ల చివర్లో 'జోర్డనేర్స్' బృంద గాయకుడు నీల్ మాథ్యూస్ మొదలుపెట్టాడు. కార్డుల పేర్లకు బదులు 1, 4, 5 అని అంకెలు రాసుకుంటారు. గాయనికి గొంతు బాగాలేక శ్రుతి తగ్గించినా కాగితం మార్చనక్కర్లేదు. చదివి నవ్వుకున్నాను, సంతోషంతో. మన స రి గ మ లు శతాబ్దాలుగా చేస్తున్న పని ఇదే. షడ్జమం ఎక్కడ పెట్టుకున్నా పంచమం పంచమమే. శ్రుతి ఎవరిదైనా పాట ఒకటే అయినప్పుడు, కొత్తగా వచ్చినవాడు నేర్చుకోవలసిన బరువు ఎంతో తగ్గిపోతుంది.

ఇలా మరొకరి చోట కూర్చుని వాయించే పనికి పాశ్చాత్య దేశాల్లో వృత్తిపేరే ఉంది. బ్రిటన్‌లో 'డెప్' అంటారు, అమెరికాలో 'సబ్'. వాళ్ళ తయారీలో సగం వినడమే. ప్రయాణంలో, బస గదిలో, వాద్యం ముట్టకుండా పాటలు మళ్ళీ మళ్ళీ వింటారు. ఇది కాలక్షేపం కాదనడానికి గట్టి ఆధారాలున్నాయి. 1995లో అల్వారో పాస్క్వల్-లియోన్ బృందం కొందరికి ఐదు వేళ్ళ పియానో వరస ఒకటి ఇచ్చి, రోజుకు రెండు గంటల చొప్పున ఐదు రోజులు సాధన చేయించింది. కొందరు వాయించారు, కొందరు వాయిస్తున్నట్టు ఊహించుకున్నారు, అంతే. రెండు రకాలవాళ్ళ మెదడులోనూ వేళ్ళను కదిలించే ప్రాంతం విస్తరించింది. చేతివాటంలో ఊహించినవాళ్ళు వెనకబడ్డారు గానీ, ఒక్క రెండు గంటలు నిజంగా వాయించాక దాదాపు అందుకున్నారు. 2007లో అమీర్ లహవ్ బృందం సంగీతం రానివాళ్ళకు ఒక చిన్న పియానో పాట నేర్పి, తర్వాత దాన్ని వినిపిస్తూ స్కాన్ చేసింది. చేతులు కదలకపోయినా చలన ప్రాంతాలు మేల్కొన్నాయి. తాము వాయించడం నేర్వని పాట వినిపించినప్పుడు అంత స్పందన లేదు. అంటే వినికిడి చేతులకు సాధన అవుతుంది, చేతులకు ఆ విద్య ముందే వచ్చి ఉంటేనే.

అందుకే యాత్రలో ఉన్న బృందానికి ఆపదవస్తే తరచూ ఆదుకునేది వేదిక వెనక ఉండే సహాయకుడు. 'మెటాలికా' గాయకుడు, గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ 1986లో మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు, బృందంలో గిటార్లు సవరించి అందించే జాన్ మార్షల్ ఆ గిటారు అందుకున్నాడు. 1992 ఆగస్టులో మాంట్రియల్ వేదిక మీద మంటలకు హెట్‌ఫీల్డ్ చెయ్యి కాలినప్పుడు మళ్ళీ అతన్నే పిలిచారు. 2004 జూన్ 6న ఇంగ్లండులోని డోనింగ్టన్ ఉత్సవానికి డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ ఆసుపత్రి నుంచి రాలేకపోతే, ఆ రోజు అక్కడే ఉన్న 'స్లేయర్' డ్రమ్మర్ డేవ్ లొంబార్డో, 'స్లిప్‌నాట్' డ్రమ్మర్ జోయీ జోర్డిసన్‌లతో పాటు ఉల్రిక్ డ్రమ్ములు చూసుకునే ఫ్లెమింగ్ లార్సెన్ కూడా కూర్చుని వాయించాడు. రోజూ పక్కన నిలబడి వినే చెవి ఎంత నేర్చుకుంటుందో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఇక శరీరం సంగతి. మూడు పాటలకే తన పని అయిపోయిందని, మూన్ ఓపిక ఎంతటిదో అప్పుడు తెలిసిందని హాల్పిన్ అన్నాడు. అది వినయం కోసం అన్నమాట కాదు. 'బ్లాండీ' డ్రమ్మర్ క్లెమ్ బర్క్‌ను కచేరీలలో పరీక్షించిన బ్రిటిష్ క్రీడా శాస్త్రవేత్తలకు అతని గుండె సగటున నిమిషానికి 140 నుంచి 150 సార్లు, ఉద్ధృతిలో 190 దాకా కొట్టుకోవడం కనిపించింది. ఫుట్‌బాల్ ఆటగాళ్ళ స్థాయి అది. పైగా అలవాటు తప్పిన చేతిలో మణికట్టును వంచే కండరమూ చాపే కండరమూ ఒకేసారి బిగుసుకుంటాయి. శక్తి ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడానికే పోతుంది.

భయం మాత్రం హాల్పిన్‌ను పట్టుకోలేదు. ఆలోచించే వ్యవధే దొరకలేదని తర్వాత చెప్పాడు. ఇదీ శాస్త్రానికి తెలిసిన సంగతే. చేతికి వచ్చిన పనిని ఒత్తిడిలో అడుగడుగునా గమనించుకోవడం మొదలుపెడితే ఆ పని చెడిపోతుందని సియాన్ బైలాక్, థామస్ కార్ 2001లో గోల్ఫ్ ఆటతో చూపించారు. ముందురోజు చెప్పి ఉంటే హాల్పిన్ రాత్రంతా నిద్రపోయేవాడు కాదేమో, అంత బాగా వాయించేవాడూ కాదేమో. నా అభిప్రాయం మాత్రమే ఇది.

'రోలింగ్ స్టోన్' పత్రిక ఆ ఏడాది అతనికి 'పికప్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్' అని బిరుదిచ్చింది. హాల్పిన్ 2008లో చనిపోయాడు. ఆ రాత్రి కౌ ప్యాలెస్‌లో తీసిన నలుపు తెలుపు వీడియో మిగిలింది. దొరికితే రెండుసార్లు చూడండి. మొదటిసారి ఎలాగూ డ్రమ్ముల దగ్గరున్న కుర్రాణ్ణే చూస్తారు. రెండోసారి అతన్ని వదిలేసి, గిటారు పట్టుకున్న టౌన్షెండ్‌ను, బేస్ వాయిస్తున్న జాన్ ఎంట్విసిల్‌ను వినండి.